ఏళు, నాల్కు, ఒంబత్తు

మూతికి గుడ్డ కట్టుకున్న మనిషి మాట్లాడుతోందా లేదా అన్నది ఎట్లా తెలుస్తుంది? గుడ్డ లోపలికి అంటుకుంటే ఊపిరి, బయటికి పొంగితే మాట. నెహెమ్యా ఆ సంగతి కనిపెట్టి అప్పుడే గంట కావస్తోంది. కంపెనీ వాళ్ళ మెడికల్ రూము వరండాలో, గోడకు ఆనించి వేసిన పొడుగాటి బెంచీ మీద, పదిమంది మగవాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చుని, గుమ్మంలో జాబితా పట్టుకుని నిలబడే నర్సు మూతి మీది నీలం గుడ్డనే చూస్తున్నాడు. పక్కన కూర్చున్న టిప్పర్ డ్రైవర్ గాదిలింగప్ప ఒకసారి మోచేత్తో పొడిచి, చెవి దగ్గరికి వంగి, "ఏమప్పా, ఆ పిల్లను తినేసేట్టు చూస్తాండావు. ఇంట్లో చెప్పాల్నా?" అన్నాడు. దగ్గరికొచ్చి అన్నాడు కాబట్టి, వాడిది డొక్కలోంచి వచ్చే గొంతు కాబట్టి, అది వినపడింది. నెహెమ్యా నవ్వాడు. అనుకోనీ. ఆడపిల్లను చూస్తున్నాడనుకోవడమే మేలు. చెవిటివాడనుకోవడం కంటే ఏదనుకున్నా మేలే. ఆ నర్సు తప్పు మాత్రం ఏముంది, యశ్వంతనగర్ రోడ్డు పక్కన మూతికి గుడ్డ లేకుండా నిలబడేది ఎవరు, ఈ ఎర్రదుమ్ము నాలుక మీద కూడా తుప్పు రుచి పెడుతుంది, తెల్ల కోడి కూడా ఇక్కడ వారం తిరిగేసరికి ఎర్రకోడి అవుతుంది. కానీ ఆ గుడ్డ ఒక్కటి లేకపోతే పెదాలు చూసి పేరు పట్టుకునేవాడు. ఇప్పుడు ఆమె పిలుస్తుంది, ఆ పిలుపు తనకు అందదు, వీడెవడో పిలిస్తే పలకడం లేదని ఆమె లోపలికి పోయి డాక్టరుకు చెబుతుంది, ఇక లోపల చెవికి పరీక్ష పెట్టాల్సిన పని కూడా ఉండదు. పరీక్ష లోపల కాదు, ఈ గుమ్మం దగ్గరే జరుగుతోంది. ఈ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో ఆ సంగతి తెలిసింది తనొక్కడికే.

వినపడకపోవడమంటే నిశ్శబ్దమని జనం అనుకుంటారు. నిశ్శబ్దమైతే ఎంత బాగుండును. తలలో ఎప్పుడూ ఒక కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది, ఆపే మీట లేని కంప్రెసర్. దాని మీది నుంచి లావు చప్పుళ్ళు వస్తాయి, సన్నవి రావు. రోడ్డు మీద ఖనిజం లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకున్నట్టు పోతున్నాయి, అవి వినపడుతున్నాయి, చెవికి కాదు, బెంచీ చెక్కలోంచి తొడలకు, తొడల్లోంచి పళ్ళకు. సన్నని చప్పుళ్ళు మాత్రం ఒక్కొక్కటే, చెప్పకుండా ఊరు వదిలిపోయిన మనుషుల్లా పోయాయి. మొదట కీచురాళ్ళు. వానలు మొదలైన ఒక సందెవేళ, ఈ ఏడు కీచురాళ్ళు రాలేదేమే అని భార్య దీనమ్మను అడిగితే, ఆమె చేతిలో పని ఆపి, కంచె వైపు ఒకసారి, తన వైపు ఒకసారి చూసి, లోపలికి పోయింది. తర్వాత కుక్కర్ ఈల. తర్వాత సైకిల్ బెల్లు. తర్వాత షెకైనా. పాపకు ఎనిమిదేళ్ళు. దేవుని సన్నిధిలో ఉండే వెలుగు అని పాస్టరయ్య ఏరి కోరి పెట్టిన పేరు, ఆ పేరు పెట్టినప్పుడు తన చెవులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు దీనమ్మ ఆ పేరు పిలిస్తే ష పోతుంది, క పోతుంది, మిగిలేది గాలి. ఇక పాప గొంతు ఆ పేరు కంటే సన్నం. ఎదురుగా నిలబడి స్కూలు కబుర్లు చెబుతుంటే నోరు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, కళ్ళు మెరుస్తాయి, చేతులు తిరుగుతాయి, ఆఖరున నవ్వుతుంది. ఆమె నవ్వగానే తనూ నవ్వుతాడు. ఒకరోజు పాప నవ్వకుండా చూస్తూ ఉండిపోయింది, ఆ చెప్పింది నవ్వాల్సిన సంగతి కాదని తర్వాత దీనమ్మ చెప్పింది, బడిలో కింద పడి మోకాలు చీరుకుందట. నాయనకు నేనంటే కోపం అని పాప అమ్మతో అందట. కోపమనే అనుకోనీ. కాదు, కాదు, కోపమని అనుకోకూడదు, కానీ దానికేం చెప్పాలి, చెబితే అది బడిలో చెబుతుంది, బడి నుంచి ఊళ్ళోకి పోతుంది, ఊళ్ళోంచి కాంట్రాక్టరు దాకా పోవడానికి ఎంతసేపు.

పద్నాలుగేళ్ళు. చేతుల్లో జాక్‌హ్యామర్, కింద రాయి, పొట్టకు ఆనించి కొండలోకి దించడం. చెవుల్లో దూది. అదీ కంపెనీ ఇచ్చిన దూది కాదు, ఇంట్లో దిండులోంచి పీకింది. పద్నాలుగేళ్ళలో ఒక దిండు మొత్తం నీ చెవుల్లోకే పోయిందయ్యా అని దీనమ్మ నవ్వేది. నవ్వేది, అప్పుడు. ఎనిమిది నెలల కింద బెల్టుల మీద పాకే పెద్ద మిషన్ ఒకటి వచ్చింది, అద్దాల గదిలో కూర్చుని ఒక్కడు మీటలు కదిలిస్తే నలభై మంది కొట్టే రంధ్రాలు అదే కొడుతుంది, ఆ ఒక్కడి చెవులకు చల్లగాలి కూడా ఉంటుంది. నలభై మందికీ కబురు పెడతామన్నారు. కబురు పెట్టడమంటే ఏమిటో నలభై మందికీ తెలుసు. అయినా రెండు నెలలు కబురు కోసమే కూర్చున్నాడు, లారీ హారన్ మోగినప్పుడల్లా మేస్త్రీ మోటర్ సైకిలేమో అని లేచి చూసేవాడు. తర్వాత తిరగడం మొదలుపెట్టాడు. ఒక గేటు దగ్గర లైసెన్సు అడిగారు, ఒక గేటు దగ్గర ఐటీఐ కాగితం అడిగారు, ఒక గేటు దగ్గర ఏమీ అడగకుండా నెరిసిన జుట్టు చూసి తల అడ్డంగా ఊపారు. ఎమ్మిగనూరులో బావమరిది యేసుబాబు దగ్గరికి చెరుకు కొట్టడానికి పోయాడు, వెనకాల బండివాడు తప్పుకో తప్పుకో అని అరుస్తుంటే తప్పుకోలేదట, ఎద్దు కొమ్ము భుజానికి తగిలాక తెలిసింది. యేసుబాబు మంచివాడు, బావా ఈ పని నీకు అలవాటు లేదులే అన్నాడు, అన్నం పెట్టి, సంచిలో నాలుగు చెరుకు గడలు పెట్టి పంపించాడు.

ఇదే కరువు ఏడాదిలో అయితే సిగ్గుండేది కాదు. కరువులో పని లేనివాడిని ఎవరూ ఏమీ అడగరు. కానీ ఇప్పుడు లోకమంతా పనే. చైనా వాళ్ళు ఆటల పోటీలకు ఒక ఊరే కడుతున్నారట, ఇక్కడి కొండలన్నీ వాళ్ళకే కావాలట, వేరుశనగ చేలను కూడా మనిషి లోతు తవ్వి రాళ్ళు ఏరి అమ్ముకుంటున్నారు, నిన్నటి దాకా గొర్రెలు కాసినవాడు నేడు లారీకి ఓనరు, తలమీద హెలికాప్టర్ పోతే పిల్లలు కూడా తలెత్తి చూడడం మానేశారు. ఇంత జాతరలో పని దొరకలేదంటే తప్పు మనిషిలోనే ఉందనుకుంటారు. తాగుతాడేమో. ఏదో ఎత్తుకుని దొరికిపోయాడేమో. చర్చి సంఘంలో ఇద్దరు ముగ్గురు ఆ చూపు చూశారు కూడా. మొన్న ఆదివారం కానుక సంచి వస్తుంటే పిడికిలి మూసి లోపల పెట్టి, లోపలే తెరిచి, ఉత్త చేయి బయటికి తీశాడు. పక్కవాళ్ళకు తెలిసిందో లేదో. ఆ సంచి పట్టుకున్న పెద్దమనిషికి తెలిసే ఉంటుంది, నాణెం పడితే సంచి కాస్తయినా కదులుతుంది కదా. దాని కంటే ఘోరం ఇంట్లో జరిగింది. పూట పూటకూ వండే ముందు దీనమ్మ ఒక పిడికెడు బియ్యం తీసి దేవునిదని వేరే డబ్బాలో పోస్తుంది, వాళ్ళమ్మ పోసేది, వాళ్ళవ్వ పోసేది, నెల చివర చర్చికి ఇస్తారు. పోయిన వారం ఆ డబ్బా మూత తీసి ఉండడం చూశాడు. ఆ రోజు అన్నం తినేటప్పుడు దీనమ్మ ప్రార్థన మామూలు కంటే పొడుగ్గా చేసింది, కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది. ఏం చెప్పుకుందో వినపడలేదు. వినపడనందుకు మొదటిసారి సంతోషపడ్డాడు.

గుడ్డ పొంగింది. ఎవరు, ఎవరు? బెంచీ ఆ చివరి నుంచి ఒకడు లేచి పోయాడు. సరే, నేను కాదు. గుండె ఇంత గట్టిగా కొట్టుకుంటే లోపల డాక్టరు గొట్టం పెట్టి చూసినప్పుడు అదొకటి రాసుకుంటాడేమో. పేరు కూడా తన పేరులా లేదు, అదీ పెద్ద చిక్కు. ఫారం నింపిన క్లర్కు కన్నడ మనిషి, నెహెమ్యా అంటే వాడికి నోరు తిరగలేదు, రెండుసార్లు అడిగి, మూడోసారి అడక్కుండా నేమయ్య అని రాసుకున్నాడు. దిద్దమని అడగలేదు. పని ఇచ్చేవాడు ఎల్లయ్య అని రాసినా పలకాల్సిందే కదా. కానీ ఇప్పుడు ఆ జాబితాలో ఒక రామయ్య, ఒక భీమయ్య, ఒక సోమయ్య ఉన్నారట, గాదిలింగప్ప చెప్పాడు. తన చెవికి వీళ్ళందరూ ఒకటే, ముందు ఏదో గాలి, వెనక ఒక అయ్య. అందుకే ఒక ఉపాయం పెట్టుకున్నాడు. జాబితాలో గాదిలింగప్ప తర్వాత తనే. గాదిలింగప్ప లోపలికి పోయి బయటికి రాగానే లేచి గుమ్మం దగ్గర నిలబడాలి, పిలిచినా సరే పిలవకపోయినా సరే. గాదిలింగప్పను వదలకూడదు. పొద్దున్నుంచి వాడికి రెండు బీడీలు ఇచ్చాడు, వాడి బండి కబుర్లకు పెదాలు చూస్తూ తల ఊపాడు, వాడి బంగారంలాంటి లావు గొంతు దేవుడు తన కోసమే చేసి పంపినట్టుంది.

లోపలికి పోతే తర్వాత సంగతి హులిగెప్ప చెప్పి ఉన్నాడు. తారానగర్ హులిగెప్ప, ఒకే కంప్రెసర్ కింద తనతో పదేళ్ళు కొట్టినవాడు, పోయిన వారం ఇదే రూములో పాసై బయటికి వచ్చాడు. వాడి చెవులు తన కంటే అన్యాయం. ఇద్దరూ టీ కొట్టు వెనక నిలబడి ఒకరి మూతి ఒకరు చూసుకుంటూ మాట్లాడుకున్నారు, చూసినవాళ్ళు ముద్దు పెట్టుకోబోతున్నారేమో అనుకుని ఉంటారు. "గోడ తట్టు తిరిగి కూచోమంటాడు. వెనక నిలబడి కన్నడంలో మూడు నంబర్లు మెల్లిగా చెప్తాడు. అందరికీ అవే నంబర్లప్పా, మార్చడు. ఏళు, నాల్కు, ఒంబత్తు. ఆయప్ప ఫోన్ నంబరు కొసేమో అది. నువ్వు మళ్ళా అప్పజెప్పు, అంతే." ఏడు, నాలుగు, తొమ్మిది. మూడే కదా. ఇంటికి పోయి దీనమ్మకు చెబితే ఆమె నవ్వలేదు, ఏడవలేదు, స్టూలు తెచ్చి గోడకు ఎదురుగా వేసింది, కూర్చో అంది. వెనక నిలబడి చెప్పడం, తను అప్పజెప్పడం. నంబర్లు ఎప్పుడూ తప్పలేదు. తప్పేది వేళ. ఒకసారి ఆమె చెప్పకముందే చెప్పాడు, ఒకసారి చెప్పి చాలాసేపు అయినా చెప్పలేదు. ఎదుటివాడు మాట ముగించిన క్షణం ఏదో తెలుసుకునేది ఎట్లా?

చర్చిలో అయితే తెలుసు. పాస్టరయ్య ఒక వచనం చదువుతాడు, సంఘమంతా తర్వాతి వచనం చెప్పాలి, నాలుగేళ్ళుగా పాస్టరయ్య వచనం ఒక్కటీ వినకుండానే తను తప్పకుండా చెబుతూ వస్తున్నాడు. ముందు వరసలో ఆర్థర్ తాత వీపు ఉంటుంది. వచనం అందుకునే ముందు తాత ఊపిరి పీలుస్తాడు, చొక్కా వెనక రెండు భుజాలూ లేస్తాయి, అవి లేచాయా, ఇక నోరు తెరవడమే. పాటలూ అంతే. తాతకు దగ్గు వచ్చిన ఆదివారం ఒక్కటే తను ఎక్కడో తడబడ్డాడు. గోడ తట్టు కూర్చున్నాక మాత్రం ముందు ఎవరి వీపూ ఉండదు, సున్నం తప్ప. దీనమ్మే ఆలోచించి ఉపాయం చెప్పింది. కూర్చున్నాక నీ మనసులో నువ్వే మూడు నంబర్లు నిదానంగా చెప్పుకో, ఆయప్ప చెప్పేదీ అంతసేపే పడుతుంది, నీది ముగిసినాక నోరు తెరు. ఇరవైసార్లు చేశారు. ఇరవయ్యోసారి వెనక్కి తిరిగి చూస్తే దీనమ్మ వెనకాల షెకైనా నిలబడి తనూ పెదాలు కదుపుతోంది, ఏళు, నాల్కు, ఒంబత్తు, ఆట అనుకుంది పాప, నాయన గోడతో ఆడే ఆట.

ఏళు, నాల్కు, ఒంబత్తు. మరిచిపోడు కదా. ఏళు, నాల్కు. మరిచిపోతే? ఇంకో భయం ఉంది, దీనమ్మకు చెప్పనిది, హులిగెప్పకూ చెప్పనిది. దాన్ని ఇప్పుడు తలుచుకోకూడదు, తలుచుకుంటే మెడ వెనక చెమట పోస్తుంది, ఇదిగో పోస్తోంది. నాలుగు రోజుల కింద కాంట్రాక్టరు మనిషి హనుమేష్ కొత్తగా చేరబోయేవాళ్ళను కొండ మీదికి తీసుకుపోయి పని చూపించాడు. గనిలోంచి వచ్చే పనికిరాని మట్టిని టిప్పర్లు తెచ్చి లోయ అంచున పోస్తాయి. ఆ అంచు మీద ఒక మనిషి నిలబడి, చేత్తో గుడ్డ ఊపుతూ, ఈల ఊదుతూ టిప్పరును వెనక్కి, వెనక్కి, వెనక్కి పిలిచి, చాలు అని ఆపాలి. పిలిచిన బండి పోసేలోపు ఇంకొకటి వస్తుంది, దాని పక్కన మూడోది. కష్టం లేని పని, జీతం నెల తిరిగేసరికి చేతిలో పడే పని. ప్రతి టిప్పరుకూ వెనక్కి వచ్చేటప్పుడు కీ, కీ, కీ అని అరిచే హారన్ ఉంటుంది, అదే మీకు కాపలా అని హనుమేష్ చెబుతున్నాడు, తను వాడి పెదాలను చూస్తూ తల ఊపుతున్నాడు. అప్పుడు మెడకు వేడి తగిలింది. ఎండ అనుకున్నాడు. ఎండ కాదు, మనిషి ఊపిరిలా, పెద్ద జంతువు ఊపిరిలా, నూనె వాసనతో. అంతలో ఎవరో రెక్క పట్టి ఒక్క గుంజు గుంజారు. తను నిలబడ్డ చోటు మీది నుంచి, మనిషంత ఎత్తు చక్రం, నిదానంగా, ఏ కోపమూ లేకుండా వెనక్కి దొర్లిపోయింది. దాని హారన్ ఆ సేపంతా అరుస్తూనే ఉందట. లోకంలో అందరికీ వినపడే కీ, కీ, కీ. సన్నని చప్పుడు. హనుమేష్ మొహం తెల్లబడిపోయింది, నిద్రపోతాండావేమప్పా అన్నాడు. తను నోటికి వచ్చింది చెప్పాడు, ప్రార్థన చేసుకుంటున్నా అని. ఈడ కండ్లు మూసుకోవద్దు, చేసుకుంటే ఇంటికాడ చేసుకో అన్నాడు హనుమేష్. కళ్ళు మూసుకోలేదు. తెరిచే ఉన్నాయి. కళ్ళు రెండూ ముందుకే ఉన్నాయి, దేవుడు వెనక పెట్టింది చెవుల్నే.

కాబట్టి ఇప్పుడు భయం ఏది? ఫెయిలైతే ఏమవుతుందన్నదా, పాసైతే ఏమవుతుందన్నదా? రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి, ఒకటి కనపడితే ఇంకొకటి కనపడదు. ఇంట్లో ఉంటే డబ్బా మూత కనపడుతుంది, ఇక్కడ కూర్చుంటే చక్రం కనపడుతుంది. చూసి చూసి నడుచుకుంటే సరిపోతుందేమో. నిమిషానికి ఒకసారి తల వెనక్కి తిప్పడం, కోడి తిప్పినట్టు. హులిగెప్ప చేస్తున్నాడు కదా, చేరి ఆరు రోజులైంది, బతికే ఉన్నాడు. ఆరు రోజులు. ఆరు రోజులంటే...

పక్కన ఖాళీ. గాదిలింగప్ప లేడు. బెంచీ మీద వాడు కూర్చున్న చోట దుమ్ము లేని గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. ఎప్పుడు లేచాడు? లోపలికి పోయాడా? టీకి పోయాడా? నర్సు గుమ్మంలో ఉంది, గుడ్డ పొంగింది, అణిగింది, మళ్ళీ పొంగింది. ఎవరూ లేవడం లేదు. అందరూ అటూ ఇటూ చూసుకుంటున్నారు. మూడోసారి పొంగింది, ఈసారి పెద్దగా, ఆమె కనుబొమలు కూడా లేచాయి. వెనక ఎక్కడో అయ్య వినపడింది, వినపడిందా, లేక వినాలనుకున్నాడా, తెలియదు, కాళ్ళు మాత్రం లేచి నిలబడ్డాయి. "వచ్చినా అమ్మా" అన్నాడు. అదే సమయానికి మూలన ఇంకొకడు లేచి, చెప్పులు వెతుక్కుంటూ, లుంగీ సర్దుకుంటూ గుమ్మం వైపు నడిచాడు. సోమయ్య. నర్సు చూపు ఇద్దరి మధ్యా తిరిగి తన దగ్గర ఆగింది. గుడ్డ పొంగింది. ఆమె తనను ఏదో అడిగింది. బెంచీ అంతా తన వైపు చూస్తోంది. ఏం అడిగి ఉంటుంది? నీ పేరేంది అనా, ఎందుకు లేచావు అనా, చెవుడా అనా? "నడుము పట్టుకుంది, రవ్వంత సేపు నిలబడతా" అన్నాడు. అడిగినదానికి అతికిందో లేదో. ఆమె చేతిలో జాబితా మీద ఏదో గీత పెట్టుకుని లోపలికి పోయింది. గీత ఎవరి పేరు మీద? అన్న మాట కోసం నడుము పట్టుకుని అట్లాగే నిలబడి ఉండగా, గాదిలింగప్ప గుమ్మంలోంచే బయటికి వచ్చాడు, కళ్ళు పులుముకుంటూ. తను చక్రాన్ని తలుచుకుంటున్న ఆ సేపట్లోనే వాడు పోయి, కళ్ళ పరీక్ష అయిపోయి, రక్తం పోటు చూపించుకుని వచ్చాడన్నమాట. వాడి చేయి భుజం మీద పడింది. "పోప్పా, నీ నంబరే, సోమయ్యది కాదు. యాడ చూస్తాండావు? అప్పట్నుంచి ఆయమ్మ పిలుస్తానే ఉండాది."

రూము చిన్నది, తెల్లటిది, మందు వాసన. డాక్టరు సన్నటి మనిషి, బళ్ళారి నుంచి వారానికి రెండు రోజులు వస్తాడట. మూతికి గుడ్డ లేదు, అది మొదట చూసుకున్నాడు. గుండెకు గొట్టం పెట్టాడు, చేతికి పట్టీ చుట్టి గాలి కొట్టాడు, నాలుక చాపమన్నాడు, అన్నీ ఎదురుగా, అన్నీ పెదాలతో, అన్నీ అందాయి. తర్వాత వేలు గోడ వైపు చూపించాడు. గోడకు ఎదురుగా స్టూలు. ఇంట్లో దీనమ్మ వేసిన చోటే వేసినట్టుంది. కూర్చున్నాడు. ముందు సున్నం, సున్నంలో చీమ పాకినంత పగులు. వెనక ఒక మనిషి ఉన్నాడు. ఉన్నాడా? ఉన్నాడు. ఇప్పుడు పీలుస్తున్నాడు ఊపిరి, ఇప్పుడు తెరుస్తున్నాడు నోరు. ఏళు. నిదానం. నాల్కు. తొందరపడకు. ఒంబత్తు. ఇంకొక్క క్షణం. తలలో కంప్రెసర్ తప్ప ఏమీ లేదు. దేవా. నోరు తెరిచాడు.

"ఏళు, నాల్కు, ఒంబత్తు."

ఏమీ జరగలేదు. భుజం మీద చేయి పడలేదు, కాగితం కదిలిన నీడ కూడా లేదు. చెప్పింది వినపడలేదేమో. మళ్ళీ ఒకసారి, గట్టిగా, ఒక్కొక్కటే విడదీసి చెప్పాడు. ఇంకా ఏమీ లేదు. ఎవరూ లేని గదిలో కూర్చోబెట్టి పోయారేమో అనిపించింది, తల తిప్పకూడదని హులిగెప్ప చెప్పిన మాట గుర్తుండగానే తల తిప్పాడు. డాక్టరు కిటికీ దగ్గర నిలబడి, మెడ వెనక్కి వాల్చి, సీసా ఎత్తి నీళ్ళు తాగుతున్నాడు. తాగుతూనే, సీసా మీది నుంచి, కళ్ళ కొసలతో తననే చూస్తున్నాడు. గొంతులో గుటక కదులుతోంది. ఆ నోట్లోంచి ఇప్పటిదాకా ఒక్క మాటా వచ్చి ఉండదు.

డాక్టరు సీసాకు మూత పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. ఇంకొక స్టూలు కాలితో లాక్కుని, గోడకూ తనకూ మధ్య, మోకాలికి మోకాలు తగిలేంత దగ్గరగా, ఎదురుగా కూర్చున్నాడు.

"నేనింకా ఏమీ చెప్పలేదప్పా" అన్నాడు.

పెదాలు చాలా స్పష్టంగా కదిలాయి, ఇంత స్పష్టంగా ఇన్ని నెలల్లో ఎవరూ తనతో మాట్లాడలేదు. నేల చూడాలనిపించింది, నేల చూస్తే తర్వాతి మాట పోతుంది. మొహమే చూడాలి. చెవిటివాడికి తల దించుకునే వీలు కూడా లేదు.

"డ్రిల్లు ఎన్నేండ్లు కొట్టినావు?"

ఫారంలో సేద్యం అని రాయించాడు. సేద్యమే అని చెప్పాలి. "పద్నాలుగు" అన్నాడు.

డాక్టరు తల ఊపాడు, ఆ లెక్క తనకు ముందే తెలిసినట్టు. పోయిన వారం నుంచి తొమ్మిదిమంది వచ్చారని, తొమ్మిదిమందికీ తను ఇంకా నోరు తెరవకముందే జవాబు తెలుసని, మొదట కోపం వచ్చిందని, తర్వాత నంబర్లు మార్చబుద్ధి కాలేదని చెప్పాడు. చెప్పి, బల్ల మీది కాగితం తెచ్చి మోకాలి మీద పెట్టుకున్నాడు. అడుగున రెండు ఇంగ్లీషు మాటలు అచ్చువేసి ఉన్నాయి, రెండింటిలో ఒకటి కొట్టేయాలి. ఆ రెండు మాటలూ చదవడం నెహెమ్యాకు తెలుసు, ఫిట్, అన్‌ఫిట్, గనుల్లో పుట్టిన కుక్కకు కూడా తెలుసు.

"నేనేం రాసినా ఆడ నిలబడేది నువ్వు. టిప్పర్ ఎనకాల నేనుండను, కంపెనీ వాళ్ళుండరు. ఏది కొట్టేయమంటావో నువ్వే చెప్పు."

ఇది పరీక్షలో లేదు. హులిగెప్ప చెప్పలేదు. డాక్టర్లు రాస్తారు, తిడతారు, పొమ్మంటారు, అడగడం ఏమిటి? ఇంతసేపూ తను భయపడింది ఈయన చేతికి, ఇప్పుడు ఆ చేతిలో కలం తన నోటి కోసం ఆగి ఉంది. అన్‌ఫిట్ అంటే ఇంటికి పోవచ్చు. డాక్టరే వద్దన్నాడని దీనమ్మకు చెప్పవచ్చు, ఆమె స్టూలు తీసి మూలన పెడుతుంది, పొయ్యి దగ్గరికి పోతుంది, అక్కడ ఏం వండాలో తెలియక కాసేపు నిలబడుతుంది. ఆ నిలబడడం చూడాలి. రోజూ చూడాలి. చక్రం ఒక్కసారే. లేదు, చక్రం రోజూ, నిమిషానికొకటి, ఒక్కొక్కటీ వెనకనుంచి, కోపం లేకుండా. ఇక్కడ, ఈ గదిలో, వెనక గోడ కూడా లేదు, తలుపుంది, తలుపు తెరిచే ఉంది. బయట అందరూ ఉన్నారు. వాళ్ళకు వినపడకుండా చెప్పాలి. డాక్టరు వైపు వంగి, గొంతు బాగా తగ్గించి, పాపను నిద్రపుచ్చేటప్పుడు మాట్లాడినంత మెల్లగా, "చెవులు లేవని రాయొద్దు సార్. ఫిట్ అని పెట్టండి. చూసుకుంటా" అన్నాడు.

డాక్టరు తల వెనక్కి తీసుకున్నాడు, మొహం మీద కొట్టినట్టు. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో నర్సు కళ్ళు తన మీదే ఉన్నాయి. ఆమె వెనక, వరండాలో, బెంచీ బెంచీ అంతా మెడలు సాచి లోపలికి చూస్తోంది. మెల్లగానే అన్నాడు. తన లోపల అది మెల్లగానే వినపడింది. డాక్టరు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని తెరిచి, రెండో మాట మీద గీత లాగి, సంతకం పెట్టి, కాగితం చేతికిచ్చాడు.

వరండా చివర క్లర్కు బల్ల. కాగితం ఇస్తే చీటీ ఇచ్చాడు, ఒకటో తారీఖు, పగటి షిఫ్టు. బెంచీ మీద మాటలు ఆగిపోయాయని చెవులు లేకపోయినా తెలుస్తోంది, ఎవరి పెదవీ కదలడం లేదు. గాదిలింగప్ప తనే దగ్గరికి వచ్చాడు, చెవి దగ్గరికి వంగాడు, పొద్దుటి కంటే ఇంకా దగ్గరగా, ఇంకా నిదానంగా, చంటిపిల్లతో మాట్లాడినట్టు అడిగాడు.

"ఏ షిఫ్టు ఇచ్చినారప్పా నీకు?"

"పగలే."

గాదిలింగప్ప మంచిదన్నట్టు తల ఊపి, భుజం తట్టి, బల్ల దగ్గరికి పోయాడు. జేబులోంచి తన టిప్పర్ డ్యూటీ చీటీ తీసి క్లర్కు ముందు పెట్టాడు, వేలితో దాని మీద ఒకచోట పొడిచి, ఏదో అడుగుతున్నాడు. మనిషి అటు తిరిగి ఉన్నాడు, పెదాలు కనపడవు, మధ్యలో పన్నెండడుగుల దూరం, రోడ్డు మీద లారీల గోల. అయినా నాకు రాత్రి షిఫ్టు రాయి సార్ అన్న ఆ మాట, ఒక్క అక్షరం కూడా పోకుండా, నెహెమ్యాకు వినపడింది.